గ్లౌజు తీసిన చెయ్యి

మా కొండ ఊరు ప్రారోన్‌లో చవగ్గా పడుకోవాలంటే ముందు సోలాంజ్ పెట్టే పరీక్ష నెగ్గాలి.

జూలైలో తీగల మీద కొండెక్కే లిఫ్టులు సైకిళ్ళను మొయ్యడం మొదలుపెట్టగానే కొండ సైకిళ్ళవాళ్ళు దిగుతారు. లిఫ్టులో పైకెక్కడం, సైకిల్ మీద కిందికి దూకడం, మళ్ళీ పైకెక్కడం. సాయంత్రానికి కళ్ళు తప్ప ఒళ్ళంతా బురదే. వాళ్ళ సైకిళ్ళు మా రొట్టెల వ్యాను కంటే ఖరీదు, జేబులో మాత్రం హోటల్లో ఒక్క రాత్రికి సరిపడా ఉండదు. బస్సు దిగి, హోటళ్ళ గుమ్మాల్లో ధరలు చదివి, మొహాలు వేలాడేసుకుని చివరికి వాగు పక్కనున్న పంచాయతీ టెంట్ల మైదానానికి చేరతారు. అక్కడ చెక్క గది కిటికీ వెనక సోలాంజ్ కూర్చుని ఉండేది. ఇరవై ఆరేళ్ళు అదే కుర్చీలో కూర్చుంది.

మైదానంలో నలభై టెంట్లకే చోటు. అది నిండితే ఇంకొకరైతే కిటికీ మూసేస్తారు. సోలాంజ్ అప్పుడే లేచి నిలబడేది. గురక పెడతావా, ఆవుల వాసన పడుతుందా, తాగితే పాటలు పాడతావా అని అడిగేది. గురక పెట్టేవాణ్ణి చెవుడొచ్చిన పాత పోస్ట్‌మాన్ ఇంటికి పంపేది. ఆవుల వాసన పడేవాడు గడ్డి అటక మీదికి, పాటలు పాడేవాళ్ళు ఊరి చివర ఎప్పుడో ఖాళీ అయిన ఫాదర్ గారి బంగళాకి. ఏ ఇంట్లో ఏ మంచం ఎప్పుడు ఖాళీ అవుతుందో ఆ ఇంటివాళ్ళ కంటే ఆమెకే ముందు తెలిసేది. మమ్మల్ని అడిగేది కూడా కాదు. సాయంత్రం తలుపు కొట్టిన చప్పుడైతే సోలాంజ్ ఎవరినో పంపిందని లేచి పళ్ళెం కడిగి పెట్టేవాళ్ళం.

పంపే ముందు ఒక్క తంతు ఉండేది. "గ్లౌజు తియ్యి" అనేది. వాడు అయోమయంగా గ్లౌజు తీసేవాడు. ఆ బురద చేతిలో తన చెయ్యి వేసి, గడ్డిలో సిగరెట్టు కాల్చనని, అన్న రోజుకి వెళ్ళిపోతానని మాట తీసుకునేది. మా కొండల్లో పశువుల సంతలో ఇప్పటికీ అంతే. గ్లౌజుతో చెయ్యి కలిపితే పలకరింపు. గ్లౌజు తీసి చేతిలో చెయ్యి వేస్తే మాట. ఆ తర్వాత ఆవు చచ్చినా, ధర పెరిగినా వెనక్కి తీసుకోరు. మా తాతల కాలంలో కాగితం రాసుకున్నవాణ్ణి చూసి, వీడికి చేతులు లేవేమో అని నవ్వేవారట.

నా పేరు మిరేయ్. మా ఆయన రెజిస్ రొట్టెలు కాలుస్తాడు, నేను పొద్దున్నే వ్యానులో తిప్పి అమ్ముతాను. మా పొయ్యి పైన ఒక గది ఉంది, చలికాలంలో కూడా కుంపటి అక్కర్లేనంత వెచ్చగా ఉంటుంది. ఆ గదిని వేసవంతా నింపింది సోలాంజే. ఊళ్ళో ప్రతి గదినీ ఆమే నింపింది. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ కథలో సిగ్గుపడాల్సినవాళ్ళలో నేనూ ఉన్నాను.

సోలాంజ్ మొగుడు లిఫ్టుల మెకానిక్కు. పెళ్ళయిన ఆరేళ్ళకే కొండ మీద తీగ తెగి పోయాడు. పిల్లలు లేరు. అప్పుడు ముసలి క్లోవిస్ తన ఇంట్లో కింది భాగం, రెండు గదులూ వంటిల్లూ ఆమెకి అద్దెకిచ్చాడు. కాగితం లేదు. ఏటా సెప్టెంబరు ఇరవై తొమ్మిదిన, సెయింట్ మిషెల్ పండగనాడు, క్లోవిస్ గుమ్మంలోకొచ్చి చెయ్యి చాపేవాడు, సోలాంజ్ చెయ్యి వేసేది. మరో ఏడాదికి ఇల్లు ఆమెది. ఆ తర్వాత ఇద్దరూ ఉడకబెట్టిన బంగాళాదుంపల మీద జున్ను కరిగించుకుని తిని, తెల్ల వైను తాగేవారు. ముప్ఫై ఒక్క పండగలు అలా గడిచాయి.

ఆ ఇంటికి పేరు తెచ్చింది కూడా సోలాంజే. ఆవులు పోయి ఖాళీగా పడున్న కొట్టంలో కొక్కేలు కొట్టించి సైకిళ్ళు వేలాడదీయించింది. వాకిట్లో బురద కడుక్కోవడానికి గొట్టం పెట్టించింది. పై అంతస్తులో పాత మంచాలు వరసగా వేయించింది. ముసలాయన సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, ఎవడి మోకాలు ఎంత చెక్కుకుపోయిందో చూసి మురిసిపోయేవాడు. ఎక్కడెక్కడి సైకిళ్ళవాళ్ళో ఒకరికొకరు చెప్పుకుని మరీ క్లోవిస్ ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

ఆయన ఏప్రిల్లో పోయాడు. ఇల్లు లియోన్‌లో ఉండే మేనల్లుడు తిబోకి వచ్చింది.

తిబో చెడ్డవాడని చెబితే నా మనసు తేలికపడేది. కాడు. నలభై ఏళ్ళ మనిషి, మెత్తని మాట, తనకీ కొండ సైకిల్ పిచ్చి. జూలై ఆఖర్లో ఒకరోజు పొద్దున్నే పైనుంచి దిగి నేరుగా వాకిట్లోకే వచ్చాడు. నేనప్పుడు సోలాంజ్‌కి రొట్టె ఇవ్వడానికి అక్కడే ఉన్నాను. ఆ కొక్కేలూ గొట్టం మంచాలూ చూసి అతను ఎంత మెచ్చుకున్నాడో. ఇంతమంది ఈ ఇంటికి అలవాటు పడ్డారు కాబట్టి మొత్తం బాగుచేయించి సైకిళ్ళవాళ్ళ బస చేస్తానన్నాడు. వేడినీళ్ళ తొట్టి, ఆవిరి గది, పైన ఎనిమిది గదులు, కింద నాలుగు. కింద అంటే సోలాంజ్ వంటిల్లు.

"పనివాళ్ళు అక్టోబరు ఒకటిన వస్తామంటున్నారండీ. సెప్టెంబరు ఆఖరుకి ఇల్లు ఖాళీ అయితే బాగుంటుంది. మీకేం ఇబ్బంది లేదు కదా?" అన్నాడు.

సోలాంజ్ ఏమీ అనలేదు. ఆ మౌనం అతనికి ఇబ్బందిగా అనిపించిందేమో, ఇక వెళ్తానన్నట్టు గ్లౌజు తీసి చెయ్యి చాపాడు. గ్లౌజు నిండా బురద ఉంది కాబట్టి తీశాడు. మర్యాద తెలిసిన పట్నంవాడు ఎవడైనా అదే చేస్తాడు.

కానీ సోలాంజ్‌కి కనిపించింది అది కాదు. క్లోవిస్ గుమ్మంలో, క్లోవిస్ రక్తం, గ్లౌజు తీసిన చెయ్యి. నాకూ అదే కనిపించింది. అది గాల్లో అలా ఉంది. మా దగ్గర చాపిన చేతిని గాల్లో వదిలెయ్యరు, అది చెంపదెబ్బ కంటే ఎక్కువ. నేను అడ్డం పడి ఏదో ఒకటి అనాల్సింది, రొట్టె కింద పడేసినా సరిపోయేది. అనలేదు. ఆమె చెయ్యి ఏప్రనుకి తుడుచుకుని అతని చేతిలో వేసింది.

"సెయింట్ మిషెల్ పండగకి" అంది.

అతను ఊరటగా నవ్వి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. సోలాంజ్ నా చేతిలోంచి రొట్టె తీసుకుంది. మామూలుగానే వేడి ఉందో లేదో నొక్కి చూసింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకాన్ని నేను. ఆగస్టులో ఆమెని బలవంతంగా వ్యానెక్కించి లోయలోకి తీసుకెళ్ళాను. అక్కడ నెలకోసారి ఒక లాయరమ్మ ఉచితంగా సలహా చెబుతుంది. ఆమె అంతా విని, కాగితం లేకపోయినా అది అద్దె ఒప్పందమేననీ, ముప్ఫై ఏళ్ళు ఉన్న మనిషిని వాకిట్లో నోటిమాటతో పొమ్మనడం కుదరదనీ, పద్ధతి ప్రకారం నోటీసులిచ్చి గడువులు దాటేసరికి చాలా కాలం పడుతుందనీ చెప్పింది. ఒక్క ఉత్తరం రాస్తే చాలు, తనే రాసిపెడతానంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. సోలాంజ్ మాత్రం చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

"మీరు చెప్పేది ఆయన అడిగిన రోజుకి సరిపోతుందమ్మా. నేను చేతిలో చెయ్యి వేసేశాను" అంది.

లాయరమ్మ నా వైపు చూసింది. ఆ మాటకి అర్థం ఆమెకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. తిరుగు దారిలో సోలాంజ్‌ని నానా మాటలూ అన్నాను. నీ చెయ్యేమన్నా చర్చిలో పెట్టి పూజించేదా అని కూడా అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, రోడ్డు పక్క ఓ సైకిల్ కుర్రాడు తప్పుదారి పట్టాడని, ఆపమని అంది.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. అందరికీ చోటు వెతికే మనిషికి తన కోసం అడగడం రాదు. ఆమె కోరిక పెద్దదేం కాదు, ఈ ఊళ్ళో ఉండాలి, అంతే. మైదానం కావలి మనిషి ఊళ్ళోనే కాపురం ఉండాలని పంచాయతీ నిబంధన, కాబట్టి ఇల్లు పోతే పనీ పోతుంది. మూడిళ్ళకి మాత్రం వెళ్ళింది. అక్కడా సూటిగా అడగలేదు, చలికాలానికి ఏమైనా ఖాళీ ఉంటుందా అంది. ఎవరి కోసమని వాళ్ళూ అడగలేదు. డిసెంబరు నుంచి మంచు మీద జారడానికి స్కీవాళ్ళు వారం వారం వస్తారు కదా అన్నారు. ఒకామె అయితే, ఎవరో పాపం అని జాలిపడి ఓ జాడీ జామ్ ఇచ్చి పంపింది. మాకు గదులు నింపడం నేర్పింది ఎవరో మాకు గుర్తే లేదు.

పండగనాడు పై మేతల నుంచి ఆవులు దిగాయి. మెడల్లో గంటలు, కొమ్ముల మధ్య పూలు. ఊరంతా రోడ్డు మీదే ఉంది. ఆ మందకి ఎదురుగా సోలాంజ్ చక్రాల బండి తోసుకుంటూ వాగు వైపు వెళ్ళింది. బండిలో ఒక టెంటు, పరుపు చుట్ట, గిన్నెలు. మిగతా సామాను చర్చి నేలమాళిగలో పెట్టించింది. మైదానంలో పదకొండో నంబరు చోటులో టెంటు వేసుకుంది. స్నానాల గదుల పక్కన ఎప్పుడూ తడిగా ఉండే చోటది. అడిగితే, మంచి చోట్లు వచ్చేవాళ్ళకి ఉండాలి కదా అంది. మొదటి రోజే చిట్టీ రాసుకుని, రాత్రికి ఏడు యూరోల చొప్పున పెట్టెలో వేసింది.

ఇక పద్నాలుగు రాత్రుల సంగతి. ఏడేళ్ళ కిందట సోలాంజే పంచాయతీ చేత ఆ నియమం పెట్టించింది. లిఫ్టుల్లో, హోటళ్ళలో పనిచేసేవాళ్ళు ఇళ్ళు దొరక్క టెంట్లలోనే కాపురం పెట్టేవారు. ఒకడు గ్యాసు పొయ్యి లోపల వెలిగించుకుని చావు తప్పి బయటపడ్డాడు. దాంతో ఎవరైనా సరే, పద్నాలుగు రాత్రులకి మించి ఉండకూడదన్నారు. ఆ ఏడే, హోటల్లో గిన్నెలు కడిగే ఓ పెద్దాయన్ని పదిహేనో పొద్దున ఏడుస్తూనే పంపేసింది. ఇప్పుడు మేయర్ స్వయంగా వచ్చి, నీకా నియమం ఏంటి సోలాంజ్, కావాలంటే మైదానం మూసేదాకా ఉండు అన్నాడు. ఆ పెద్దాయన కనిపిస్తే నేనేం చెప్పను అందామె. మేయర్ టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. ఇవ్వడానికి అతని దగ్గర ఇల్లు లేదు, మూడు ఉన్నాయి గానీ అన్నీ స్కీవాళ్ళకి ఇచ్చేశాడు.

అక్టోబరు మొదటి వారంలో తిబో మా కొట్టుకి వచ్చాడు. క్లోవిస్ ఇంటి గోడలు అప్పటికే పగలగొట్టేశారు, అతని జుట్టంతా సున్నం దుమ్ము. రొట్టె తీసుకుంటూ తనే ఆ మాట ఎత్తాడు.

"నిజం చెప్పాలంటే ఆవిడ ఒప్పుకోదనుకున్నానండీ. గట్టిగా ఒక్క మాటంటే వచ్చే వేసవిదాకా ఉండమనేవాణ్ణి. పై అంతస్తు ముందు చేయించుకునేవాణ్ణి. ఏమీ అనలేదు కదా, ఎక్కడో ఏర్పాటు ఉందేమో అనుకున్నా."

నేను చిల్లర లెక్క తప్పాను. గ్లౌజు సంగతి చెప్పాను. అతని మొహం పాలిపోయింది. బురదగా ఉందని తీశానండీ అన్నాడు. రెండుసార్లు అన్నాడు. ఇప్పుడైనా ఏమైనా చేయగలవా అంటే, కింద నేల కూడా తవ్వేశారనీ, నీళ్ళ గొట్టాలు లేవనీ, తలుపులు లేవనీ చెప్పి తల దించుకున్నాడు. అతన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఆ రోజు రెజిస్‌ని తిట్టాను.

సోలాంజ్‌కి చెబితే తాపీగా వింది. "అతనికి తెలీదు సరే. నాకు తెలుసు కదే" అంది.

రెజిస్‌తో నా పోట్లాట మూడు రోజులు నడిచింది. పొయ్యి పైన గదిలో అక్టోబరు పదమూడు దాకా బెల్జియం దంపతులు ఉన్నారు, వాళ్ళని పంపిందీ సోలాంజే. ఆ తర్వాత స్కీవాళ్ళకి ఇస్తే చలికాలంలో కొత్త పిండి మిషను వస్తుందని రెజిస్ ఆశ. నాకూ ఉండేది ఆ ఆశ. అందుకే సెప్టెంబరంతా నోరు విప్పలేదు. ఒకరోజు పొద్దున వ్యానులోంచి చూస్తే, సోలాంజ్ మంచు పట్టిన టెంటు గుడ్డని చీపురుతో దులుపుతోంది. అరవై ఒక్క ఏళ్ళ మనిషి. ఇంటికొచ్చి రెజిస్‌తో, ఆ గది ఆమెకివ్వకపోతే రేపటి నుంచి నీ రొట్టెలు నువ్వే అమ్ముకో అన్నాను. చివరికి దిగొచ్చాడు.

పన్నెండో తారీకు మధ్యాహ్నం రొట్టె ఇచ్చే నెపంతో వెళ్ళాను. మా దగ్గర సాయం ఎదురుగా నిలబడి ఇవ్వరు. ఇచ్చేవాడు పక్కకి చూస్తూ అంటాడు, అందుకునేవాడు తనే అడిగినట్టు తీసుకుంటాడు. అలా అయితే ఎవరి తలా వంగదు. నేనూ అలాగే, వాగు వైపు చూస్తూ అన్నాను.

"రేపు పొద్దున మా గది ఖాళీ అవుతోంది. స్కీవాళ్ళకి వద్దని రెజిస్‌ని ఒప్పించాను. మంచు కరిగేదాకా ఊళ్ళో ఉండేవాళ్ళెవరికైనా ఇచ్చేస్తాం. చవగ్గానే."

"మంచి గది. వెచ్చగా ఉంటుంది" అంది సోలాంజ్.

"అవును, వెచ్చగా ఉంటుంది" అన్నాను.

అంతే. పని అయిపోయిందనుకుని ఇంటికొచ్చాను. ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళో వాళ్ళు ఖాళీ మంచం కబురు ఆమెకి సరిగ్గా ఆ మాటలతోనే చెబుతున్నారని నాకు తట్టలేదు.

పదమూడో తారీకు పొద్దున సన్నగా మంచూ వానా కలిసి పడుతున్నాయి. బెల్జియం వాళ్ళని పంపి, దుప్పట్లు మార్చి, కిటికీ దగ్గర ఆమె కోసం చేతుల కుర్చీ వేశాను. తాళంచెవి ఏప్రన్ జేబులో వేసుకుని బయలుదేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. వెళ్ళేసరికి టెంటు చుట్టేసి ఉంది. పదకొండో నంబరు చోటులో గడ్డి పసుపుపచ్చగా చచ్చిపోయి చతురస్రంగా కనిపిస్తోంది. సోలాంజ్ దాన్ని పళ్ళకొయ్యతో గీకి లేపుతోంది. మైదానం తాళాలు కవర్లో పెట్టి మేయర్ పేరు రాసి ఉంచింది. పది గంటల పది నిమిషాలకి బస్సు. లోయలో వదిన కూతురింట్లో ఒక సోఫా ఉందట.

"గది సర్దేశాను" అన్నాను.

"మంచిది. దార్లో కనబడలేదా వాళ్ళు? అరగంటైంది పంపి."

వేసవిలో టెంటు వేసుకున్న జంట అట. వెళ్ళలేక వెళ్ళి, లిఫ్టులో అతనికీ, హోటల్ వంటింట్లో ఆ పిల్లకీ చలికాలం పని సంపాదించుకుని, తెల్లారగట్లే లోయలోంచి సైకిళ్ళ మీద ఎక్కి వచ్చారట. ఊళ్ళో ఒక్కళ్ళూ తలుపు తియ్యలేదట. తడిసి ముద్దై కిటికీ ముందు నిలబడితే సోలాంజ్ లేచి, గ్లౌజులు తియ్యమంది. మంచు కరిగేదాకా అని మాటిచ్చింది.

నేను అప్పుడు, మొదటిసారి, ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను. "సోలాంజ్, ఆ గది నీ కోసం ఉంచాను."

పళ్ళకొయ్య ఆగింది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"నిన్న అలా అనలేదే నువ్వు."

"అన్నాననుకున్నాను. వాళ్ళని పంపించేస్తాను. గది నాది, చెయ్యి వెయ్యడానికి నువ్వెవరు?"

"ఇరవై ఆరేళ్ళుగా మీ అందరి గదులకీ నా చెయ్యే కదే వేశాను" అంది. ఆ పిల్లకి కాలు బెణికిందని, వేడినీళ్ళు పెట్టమని కూడా చెప్పింది.

బతిమాలాను. తిట్టాను. ఆమె పళ్ళకొయ్యని షెడ్డులో దాని మేకుకి తగిలించి తలుపు మూసింది. నా వ్యానులోనే బస్సు దాకా వచ్చింది. ఒళ్ళో టెంటు సంచీ, దాని మీద నేనిచ్చిన రొట్టె. బస్సెక్కేముందు నా చెంపలకి రెండు ముద్దులు పెట్టింది. ఆమె చెంప చల్లగా, తడిగా ఉంది. వచ్చే వేసవికి ఎవరొస్తారో కిటికీకి, గురకపెట్టేవాళ్ళని పోస్ట్‌మాన్ ఇంటికి పంపమని చెప్పు అంది. వచ్చే వేసవికి ఆ కిటికీ ఉండదని, చెక్క గది తీసేసి బుకింగ్ మిషను పెడుతున్నారని నాకు తెలుసు. చెప్పలేదు.

ఇంటికొచ్చేసరికి గోడకి రెండు సైకిళ్ళు ఆనించి ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. పొమ్మనే అనుకున్నాను. నోటి దాకా వచ్చింది. ఆ పిల్ల కుంటుతూ నా ముందుకొచ్చింది, ఇరవై రెండేళ్ళుంటాయేమో, పెదాలు నీలంగా ఉన్నాయి. సోలాంజ్ అత్త ఇలా చెయ్యమందండీ అంటూ తడి గ్లౌజుని పళ్ళతో లాగి తీసి, చెయ్యి చాపింది.

ఆ చెయ్యి గాల్లో అలా ఉంది. నా చెయ్యి ఏప్రనుకి తుడుచుకుని అందులో వేశాను. ఏప్రన్ జేబులో తాళంచెవి తగిలింది, తీసి ఇచ్చేశాను.